దెబ్బ లేకుండా విరిగిన ఎముక: వృద్ధులలో ప్లాస్మా కణ కణితుల నిర్ధారణ, చికిత్స

నగరి, పుత్తూరు ప్రాంతాలలో ఎముక విరిగితే మొదట గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, వెదురు బద్దలతో వేసే ఈ కట్టు కోసం తమిళనాడు నుండి కూడా వస్తారు. జారిపడి చెయ్యి విరిగినవారి సంగతి వేరు. బిందె ఎత్తినప్పుడో, మంచం మీద పక్కకు తిరిగినప్పుడో వృద్ధుల ఎముక విరిగిందంటే, అది అంతకుముందే ఎందుకు బలహీనపడిందో తేల్చాలి. చాలామందిలో కారణం ఎముకలు గుల్లబారడమే. అరుదుగా అది ప్లాస్మా కణ కణితి కావచ్చు.

ప్లాస్మా కణాలు ప్రధానంగా మూలుగలో ఉండి ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఒకే కణం నుండి పుట్టిన సంతతి అదుపు తప్పి ఒకచోట గడ్డ కడితే అది ఏకైక ప్లాస్మాసైటోమా; మూలుగలో వ్యాపించి ఎముకలను, మూత్రపిండాలను, రక్తాన్ని దెబ్బతీస్తే మల్టిపుల్ మైలోమా. ఎముకలలో వెన్నుపూసలు, ఎముకల వెలుపల ముక్కు, గొంతు భాగాలు ఈ గడ్డకు తరచు స్థానాలు. నగరి మరమగ్గాల ఊరు. అక్కడ నడుంనొప్పిని మగ్గం ఖాతాలో వేయడం సులభం.

గడ్డ ఉన్నదని బయాప్సీ చెబుతుంది. అది ఒక్కటేనని నిరూపించడమే కష్టం. ఖనిజం 30 నుండి 50 శాతం తరిగితే గాని మామూలు ఎక్స్‌రేలో మచ్చ కనిపించదు. కనుక పెట్ సీటీ లేదా ఎమ్మారై, మూలుగ పరీక్ష, రక్తంలో ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చైన్లు, హిమోగ్లోబిన్, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు అవసరం. ఈలోగా నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మింగడం ప్రమాదకరం. లైట్ చైన్ల భారం మోస్తున్న మూత్రపిండాలను అవి మరింత దెబ్బతీస్తాయి.

ఏకైక గడ్డకు ప్రధాన చికిత్స రేడియేషన్. సాధారణంగా 40 నుండి 50 గ్రే మోతాదును కొన్ని వారాలపాటు విడతలుగా ఇస్తారు. తిరుపతి స్విమ్స్‌లో రేడియేషన్, క్యాన్సర్ వైద్య విభాగాలు ఉన్నాయి. కాళ్లు మొద్దుబారడం, మూత్రం బిగబట్టడం వెన్నుపాముపై ఒత్తిడికి గుర్తులు కావచ్చు. అప్పుడు అదేరోజు ఆసుపత్రికి చేరాలి. మైలోమా అని తేలితే లెనాలిడోమైడ్, బోర్టెజోమిబ్, డెక్సామెథసోన్ వంటి మందులు వాడతారు. వాటి మోతాదును నిర్ణయించడంలో వయసు అంకె కన్నా రోగి దేహబలం, మూత్రపిండాల స్థితి ముఖ్యం. డెబ్బై దాటారన్న ఒక్క కారణంతో చికిత్స మానుకోవడం సమంజసం కాదు.

రేడియేషన్ తరువాత నొప్పి తగ్గుతుంది. రోగి రావడం మానేస్తాడు. అయితే ఎముకలోని ఏకైక గడ్డ ఉన్నవారిలో సుమారు సగం మందికి పదేళ్లలోపు మైలోమా వస్తుంది. ఎముక వెలుపలి గడ్డలలో ఈ ముప్పు తక్కువ. అందువల్ల తొలి సంవత్సరాలలో మూడు నుండి ఆరు నెలలకొకసారి, ఆ తరువాత కొంత ఎడంగా, రక్తపరీక్షలు కొనసాగాలి.