ఇనుముకు ఒక వయసు, రబ్బరుకు ఒక వయసు

1983 అక్టోబరు 15న దక్షిణాఫ్రికాలోని క్యాలమీ ట్రాక్ మీద నెల్సన్ పికే ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. టర్బో ఇంజన్‌తో ఆ కిరీటం గెలిచిన మొదటి డ్రైవరు అతనే. అతని బ్రాభమ్ కారులో ఉన్నది బీఎండబ్ల్యూ వారి ఒకటిన్నర లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్. 600 హార్స్‌పవర్‌ దాటిన ఆ ఇంజన్‌కు ఆధారం మామూలు రోడ్డు కారులో వాడే పోత ఇనుప బ్లాకు. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన ఒక కుటుంబ కారు కోసం గీసిన బ్లాకు అది. ఆ కారులో అది ఇచ్చింది 80 హార్స్‌పవరే. రేసు ఇంజన్ బాధ్యత చూసిన పాల్ రోషే బృందం ఇంకో పని కూడా చేసింది. కొత్తగా పోతపోసిన బ్లాకుల్ని కాకుండా, రోడ్ల మీద బాగా తిరిగి వచ్చిన పాత బ్లాకుల్ని ఏరుకుంది.

కారణం లోహంలోనే ఉంది. కరిగిన ఇనుమును అచ్చులో పోశాక పలచని గోడలు ముందు చల్లారతాయి, మందపాటి భాగాలు ఆలస్యంగా చల్లారతాయి. తరవాత కుంచించుకునేది ముందే గట్టిపడినదాన్ని లాగుతుంది. ఆ బిగువు లోహం లోపలే ఉండిపోతుంది. కొత్త బ్లాకును ఎంత కచ్చితంగా కోసినా, వాడకంలో వేడెక్కే కొద్దీ ఆ బిగువు సడలి కొలతలు రవ్వంత కదులుతాయి. వేలసార్లు వేడెక్కి చల్లారిన బ్లాకులో ఆ కదలిక చాలావరకు అయిపోయి ఉంటుంది. అప్పుడు కోసిన కొలత నిలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొత్త చిన్న కారు ధరకే పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ దొరుకుతుందని తెలిసి నిద్రపట్టని కుర్రాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వద్దని ఒక్కమాటలో కొట్టిపారేసే పెద్దవాళ్లతో నేను ఏకీభవించను. అది మనిషి మనసుపెట్టి చేసిన గొప్ప యంత్రాల్లో ఒకటి, దాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పాత యంత్రానికంతటికీ ఒకే వయసు ఉంటుందనుకుంటేనే చిక్కు. మీటరులో కనిపించే కిలోమీటర్లు చాలావరకు లోహం వయసే చెబుతాయి. రబ్బరు వయసూ ప్లాస్టిక్ వయసూ తెలియాలంటే క్యాలెండరు చూడాలి.

ఈ కారు పుట్టుక ఒక సంక్షోభంలో జరిగింది. 1950ల చివర బీఎండబ్ల్యూ దగ్గర ధనికులు మాత్రమే కొనగల పెద్ద కార్లున్నాయి, ఇజెట్టా అనే బుల్లి కారుంది, మధ్యతరగతి కొనే కారు మాత్రం లేదు. 1959 డిసెంబరు 9న జరిగిన వాటాదారుల సమావేశంలో కంపెనీని డైమ్లర్ బెంజ్ చేతికి అప్పగించే ప్రతిపాదన వచ్చింది. చిన్న వాటాదారులు, డీలర్లు పట్టుబట్టి అడ్డుకున్నారు. ఆ తరవాత పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ సొంత డబ్బు పెట్టి వాటా పెంచుకుని కంపెనీని నిలబెట్టాడు. అలా దక్కిన ఊపిరితో తయారైనదే 1961 నాటి ఆ కుటుంబ కారు, బీఎండబ్ల్యూ 1500. దాని ఇంజన్ గీసినవాడు ఆలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌజెన్. స్వయంగా రేసుల్లో పాల్గొన్న మనిషి. చిన్న ఇంజన్ చాలని పైవాళ్లు అన్నా, ముందుముందు రెండు లీటర్ల దాకా పెంచుకునేలా బ్లాకులో చోటు ఉంచాడు. ఇరవయ్యేళ్ల తరవాత రేసు ట్రాక్ మీద ఆ బ్లాకు తట్టుకున్న ఒత్తిడికి బీజం ఈ ముందుచూపులోనే ఉంది.

1966లో 1500 కన్నా పొట్టిగా, తేలికగా రెండు తలుపుల 1600 వచ్చింది. ఫాల్కెన్‌హౌజెన్ తన సొంత 1600లో రెండు లీటర్ల ఇంజన్ పెట్టించుకున్నాడు. కంపెనీలోనే మరో పెద్ద అధికారి హెల్ముట్ వెర్నర్ బ్యోన్ష్ కూడా ఆయనకు తెలియకుండా అదే పని చేయించుకున్నాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిశాక కలిసి యాజమాన్యం దగ్గరికి వెళ్లారు. అమెరికాలో ఈ కార్లు దిగుమతి చేసుకునే మాక్స్ హాఫ్‌మన్ కూడా ఎక్కువ శక్తి గల కారు కావాలని వెంటపడుతున్న రోజులవి. 1968లో 2002 బయటికొచ్చింది. అది 2002 మోడల్ సంవత్సరం కాదు, రెండు లీటర్లకూ రెండు తలుపులకూ గుర్తు. ఇంటిల్లిపాదీ ఎక్కగలిగిన కారే మలుపుల్లో స్పోర్ట్స్ కారులా నడవడం అప్పటి వాళ్లకు కొత్త అనుభవం. 1975లో దాని వారసురాలిగా త్రీ సిరీస్ వచ్చింది, 1977లో అందులోకి ఆరు సిలిండర్ల ఇంజన్ చేరింది.

వరసగా నిలబెట్టిన ఆ ఆరు సిలిండర్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. పిస్టన్ పైకి వెళ్లి ఆగి కిందికి తిరిగే ప్రతిసారీ ఇంజన్‌ను కుదుపుతుంది. నాలుగు సిలిండర్లలో రెండు పైకి, రెండు కిందికి పోతున్నా ఆ కుదుపులు పూర్తిగా చెల్లిపోవు. కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల పైకెళ్లే పిస్టన్ వేగం, దిగే పిస్టన్ వేగం ప్రతి క్షణం సరిసమానంగా ఉండవు. మిగిలిన కంపనం క్రాంకు తిరిగే వేగానికి రెట్టింపు వేగంతో వస్తుంది. ఆరు సిలిండర్లలో ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ జంటలుగా కదులుతాయి. జంటకూ జంటకూ మధ్య ఎడం 120 డిగ్రీలు. అద్దంలో ప్రతిబింబంలా అమరిన ఈ జంటల్లో అసలు కుదుపులూ, ఆ రెట్టింపు వేగం కుదుపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ప్రతి 120 డిగ్రీలకు ఒక మంట పడుతుంది కాబట్టి లాగుడు కూడా తెగకుండా సాగుతుంది. పాత 325ఐ, 330ఐ నడిపినవాళ్లు ఆ ఇంజన్ గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారడానికి ఇదే కారణం.

మలుపుల సంగతి మాత్రం మొదట్లో అంత నిశ్చింతగా ఉండేది కాదు. 2002 నుంచి 1980ల త్రీ సిరీస్ దాకా వెనక చక్రాల్ని పట్టుకున్న చేతులు ఏటవాలుగా అమర్చినవి. మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు పోతుంది, వెనక భాగం పైకి లేస్తుంది, ఆ లేవడంలో చక్రాలు చూసే దిక్కే కొంచెం మారిపోతుంది, తోక బయటికి విసురుతుంది. 1990లో వచ్చిన మూడో తరంలో, జడ్1 అనే చిన్న కారులో అప్పటికే వాడిన కొత్త వెనక సస్పెన్షన్ పెట్టారు. చక్రం ఎంత లేచినా దిగినా దాని దిక్కు అదుపులో ఉండేలా ఎక్కువ లింకులతో కట్టిన అమరిక అది. ముందూ వెనకా బరువు దాదాపు సగం సగం ఉండాలని చాలా కార్లలో బ్యాటరీని డిక్కీలో పెట్టారు. 1998లో వచ్చిన నాలుగో తరం ఈ వంశంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 32 లక్షలకు పైగా తయారైంది.

అదే తరంలో కొనేవాడు భయపడాల్సిన భాగం కూడా ఉంది. అది ఇంజన్ లోపల కాదు, దాని ముందు ఉన్న ప్లాస్టిక్‌లో. కూలెంటు డబ్బా, రేడియేటరు పక్క ట్యాంకులు, థర్మోస్టాట్ గూడు అన్నీ గాజుపోగు కలిపిన నైలాన్‌తో చేసినవి. ఇంజన్ తక్కువ ఇంధనం తాగాలని, మామూలు నడకలో కూలెంటు ఉష్ణోగ్రతను వంద డిగ్రీలకు దగ్గరగా ఉంచారు. ఒత్తిడి కింద ఉన్న వేడి నీరు నైలాన్ అణువుల గొలుసుల్ని ఏళ్ల తరబడి తుంచుతూ పోతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల పెళుసెక్కిపోతుంది. ఒక మధ్యాహ్నం సన్నని పగులు ఇస్తుంది, నీరు పోతుంది. ముల్లు ఎర్రగీత చేరాక కూడా ఇంకో రెండు కిలోమీటర్లేగా అని నడిపితే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఉక్కు బోల్టులు పట్టి ఉంచిన అల్యూమినియం హెడ్డు పెరగడానికి చోటు లేక వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, బ్లాకులోని మరలు కూడా ఊడివస్తాయి. కొద్దిపాటి ఖర్చుతో మారే ప్లాస్టిక్ డబ్బా మొత్తం ఇంజన్‌ను తీసుకుపోతుంది.

అందుకే పాత త్రీ సిరీస్ అమ్మేవాడిని నేను మొదట అడగమనేది కిలోమీటర్లు కాదు, రేడియేటరు, డబ్బా, పంపు, గొట్టాలు ఎప్పుడు మార్చారన్నది. బిల్లు చూపిస్తే సంతోషం. చూపించలేకపోతే అవి ఇంకా మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగాలి. 2005లో వచ్చిన అయిదో తరం ఆరు సిలిండర్ల కారులో నీటి పంపు విద్యుత్తుతో నడుస్తుంది. పాత పంపులు కారుతూ, అరుస్తూ ముందే చెప్పేవి. ఇది చెప్పకుండా ఆగిపోగలదు.

మన దేశంలో చేతులు మారే పాత త్రీ సిరీస్‌లలో ఈ అయిదో తరం చాలా కనిపిస్తుంది. 2007 మార్చిలో చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ కర్మాగారం మొదలైంది, అక్కడ బిగించిన తొలి కారు త్రీ సిరీస్. మనవాళ్లు ఎక్కువగా ఎంచుకున్నది 320డి అనే డీజిల్. 2007 నుంచి వచ్చిన దాని రెండు లీటర్ల ఇంజన్‌లో టైమింగ్ చెయిన్‌ను ముందువైపు కాకుండా గేర్‌బాక్సు వైపు పెట్టారు. ఫ్లైవీల్ దగ్గర క్రాంకు మెలితిరిగే కంపనం తక్కువ కాబట్టి యంత్రశాస్త్రం ప్రకారం అది మంచి చోటే. కానీ తొలి ఏళ్ల ఇంజన్లలో చెయిన్, దాని గైడ్లు అనుకున్నదానికన్నా త్వరగా అరిగాయి. మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాలి. చల్లటి ఇంజన్ స్టార్టు చేసినప్పుడు వెనకవైపు నుంచి గలగలమని రాపిడి శబ్దం వస్తే ఆ బేరం అక్కడితో వదిలేయడం మంచిది. అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు బండి స్టార్టు చేసి ఉంచవద్దని ముందే చెప్పాలి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి.

రబ్బరు సంగతి ఇంకా మెల్లగా నడిచేది. సస్పెన్షన్ బుష్‌లలోని రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, కారు కదిలినా కదలకపోయినా. వాల్వుల సమయాన్ని మార్చే యూనిట్‌లోని రబ్బరు రింగులు వేడి నూనెలో నాని బిగుసుకుంటాయి, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాటు దిగేటప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3518 అంటే 2018లో 35వ వారం. గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కారు పుస్తకంలో రాసినా, వీటిలో చాలా కార్లకు ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టెలు చేసిన జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

కాబట్టి పన్నెండేళ్లలో 35,000 కిలోమీటర్లే తిరిగిన కారు కనిపిస్తే ఎగిరి గంతెయ్యాల్సిన పని లేదు. హైవే మీద లక్ష దాటి, ఏటా బిల్లులతో సర్వీసైన కారునే నేను ముందుకు జరుపుతాను. ఆ 35,000 నిజమో కాదో కూడా చూసుకోవాలి. మీటరు వెనక్కి తిప్పే పని మన దగ్గర బాగానే సాగుతోంది. అయితే ఈ కార్లు తిరిగిన దూరాన్ని మీటరుతో పాటు వేరే కంప్యూటర్ యూనిట్లలో, ఆఖరికి తాళంచెవిలో కూడా రాసుకుంటాయి. స్కానర్ పెట్టగల షెడ్డుకు తీసుకెళ్లి అంకెలు సరిపోల్చమంటే అరగంట పని.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015 నుంచి ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి వస్తుంటాయి. ధర చూసి మురిసే ముందు ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, ఆర్‌సీ గడువు కలిపి లెక్క వేసుకోవాలి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. అలా మునిగిన కారైతే సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత దొరుకుతుంది. తివాచీ కింద చెయ్యిపెడితే తేమ తెలుస్తుంది. నీళ్లు తాగిన వైర్ల జోలికి ఎంత తక్కువకైనా పోకూడదు.

మొదటి కారుగా నడపబోయేవాడికి ఇంకొకటి. ఇందులో తోసేవి వెనక చక్రాలు. తొలకరి తడి రోడ్డు మీద, నూనె జిడ్డు తేలిన చోట, మలుపులో గట్టిగా తొక్కితే తోక పక్కకు జారుతుంది. స్టీరింగు ఎటు తిరిగిందో, కారు నిజంగా ఎటు తిరుగుతోందో పోల్చి చూసి, అవసరమైన చక్రానికే బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్ ఆ జారుడును పట్టేస్తుంది. కానీ అది పట్టుకోవాల్సింది ఆ టైర్లతోనే, ఆ బుష్‌లతోనే. అందుకే కొనుగోలు డబ్బులోంచి కొంత పక్కన పెట్టి, నాలుగు కొత్త టైర్లు, కూలింగ్ సామాను, బ్రేక్ ఆయిల్, అరిగిన బుష్‌లు ముందే మార్పించి, ఆ తరవాతే మొదటి దూరప్రయాణం పెట్టుకోవాలి. మొదటి వర్షాకాలమంతా స్టెబిలిటీ కంట్రోల్ ఆపే బటన్ జోలికి వెళ్లకూడదు.