అమ్మ పెట్టెలో ఓటు బొమ్మలు

జంగారెడ్డిగూడెంలో అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే చీరల అడుగున ఎన్నికల కరపత్రాలు! ఆవూదూడ, 1977 నాటి చక్రంలో నాగలి పట్టిన రైతు, 1983 నాటి సైకిలు...

"ఈ చిత్తుకాగితాలెందుకమ్మా?" అన్నాను.

"చదువు రానిదాన్ని. ఆ బొమ్మలు చూసే గదుటే ఓటేసింది!" అంది.

బొమ్మతో ఓటడగడం మనకే కాదు. అమెరికాలో 1840లో హారిసన్ అధ్యక్ష పదవికి పోటీచేసినప్పుడు పట్టురిబ్బన్ల మీద దుంగల గుడిసె బొమ్మ అచ్చువేశారు. సేకరించేవాళ్లకి ఇప్పుడవి అపురూపం. అక్కడి ఆడవాళ్ల ఓటుహక్కు రాజ్యాంగంలోకెక్కింది మాత్రం 1920లోనే!

1983లో నాన్న చెయ్యి గుర్తుకి వేయమన్నారట. అమ్మ సైకిలుకి వేసి, ఆ కాగితం దాచుకుంది. నాన్నకి చివరిదాకా చెప్పలేదు.

మీ అమ్మల పెట్టెలూ ఓసారి వెతకండి, పొయ్యిలోకి పోకముందే!