ఎఱ్ఱదీపం – మిగిలిన బోల్టు

దీపం వెలిగితే శుభమని తలచే సంప్రదాయం మనది. కాని కారు నడుపువాని కన్నుల యెదుట, స్టీరింగు వెనుక పలకలో, ఒక చిన్న ఎఱ్ఱదీపం వెలిగినపుడు ఆ తలపు తలక్రిందులగును. ఒక వలయం, దాని నడుమ ఆశ్చర్యార్థకం, ఇరువైపుల రెండు కుండలీకరణములు. వ్యాకరణం చెప్పువారికి చిరపరిచితములైన గుర్తులే. అవి ఒకచోట చేరగా బ్రేకులకు అపాయసూచిక అయినవి.

గత వేసవిలో ఒక ఆదివారం ఆ దీపం మా బండిలో వెలిగినది. మా నివాసం నాచారం. ఉప్పల్ కూడలి దాటి వరంగల్లు దారిన నేను ప్రతిదినం పాఠశాలకు పోవలెను. ఆ దారిమీద ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఆరు కిలోమీటర్లకు పైబడిన పైవంతెనకు 2018లో శంకుస్థాపన జరిగినది. పనులు ఏండ్ల తరబడి సాగినవి. ఆ ఏండ్లలో క్రింది దారి గుంతలను ఎవరును లెక్కింపలేదు గాని, 2019లో నేను కొన్న చిన్నకారు ముందు షాకబ్జర్లు మాత్రం ఒక్కటియు విడువక లెక్కించినవి. తుదకు గుంతలో పడిన ప్రతిమారు బండి ధన్నుమని మ్రోగి, ఆపైన నాలుగుమార్లు ఊగుట మొదలుపెట్టినది.

మా అక్క కొడుకు మెకానికల్ డిప్లొమా చదువుచున్నాడు. "మామా, మజూరీ దండుగ. సామాను తెప్పియ్యి, నేనే ఏస్త" అన్నాడు. మజూరీ మిగులునన్న ఆశకు నేను లొంగిపోతిని. ఒకసారి ఉస్తాదును పిలిచి చూపింతమా అని వాడడిగినపుడు, దానికి ఉస్తాదెందుకని కొట్టివేసినవాడను కూడ నేనే. వాని పని తీరును తప్పుపట్టలేను. జాకీ ఒక్కదానినే నమ్మక స్టాండ్లు పెట్టినాడు. స్ప్రింగుతో సహా కూర్చిన జతనే తెప్పించితిమి. బిగియబట్టిన స్ప్రింగును ఇంటివద్ద విప్పుట ప్రాణములతో చెలగాటం. మధ్యాహ్నం మూడింటికి పని ముగిసినది. మరునాడు తెల్లవారుజామున మా అమ్మను యాదగిరిగుట్టకు తీసికొని పోవలసి యున్నది.

పరీక్షకై హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు బయలుదేరితిమి. బండి పట్టుమీద నడచినట్లు నడచినది. నాలుగైదు వందల గజములు పోవునప్పటికి పసుపుదీపం వెలిగినది, వెంటనే ఎఱ్ఱదీపం తోడైనది.

ఈ రెండింటి తగవు తెలియుట మంచిది. పసుపుదీపం ఏ.బి.యస్. అను ఏర్పాటుకు సంబంధించినది. గట్టిగా బ్రేకు తొక్కినపుడు చక్రం తిరుగుట మాని రోడ్డుమీద జారకుండ చూచుట దాని పని. 1978లో జర్మనీలో బాష్ సంస్థ దీనిని మెర్సిడిస్ కార్లకు అమర్చినది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లకు తప్పనిసరి అయినది. ప్రతి చక్రం చెంత ఒక సెన్సార్ కూర్చుండి అది ఎంత వేగముగ తిరుగుచున్నదో కంప్యూటరుకు చెప్పుచుండును. ఒక చక్రం మాట తక్కిన మూడింటితో పొసగనిచో, లేక అసలే వినరానిచో, కంప్యూటరు ఆ ఏర్పాటును ఆపి పసుపుదీపం వెలిగించును. ముందు వెనుక చక్రములకు బ్రేకు బలమును పంచునది కూడ ఆ కంప్యూటరే గనుక, పెక్కు బండ్లలో ఎఱ్ఱదీపం కూడ దానితోపాటు వెలుగును. కాని ఎఱ్ఱదీపమునకు వేరే యజమానులున్నారు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగకున్నను, బ్రేక్ ఆయిల్ తగ్గినను వెలుగునది అదే. ముగ్గురు పిలిచినను ఒకే గంట మ్రోగు ఇంటివలె ఉన్నది దాని స్థితి.

బండి నాపినచోటు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రహరీ ప్రక్కన. 1961లో ఏర్పడిన ఆ సంస్థలో భూకంపములను పట్టు యంత్రములున్నవి. ఒక్క కేంద్రంలోని యంత్రం భూమి కదిలినదని చెప్పగలదు, ఎంత దూరమున కదిలినదో చెప్పగలదు. ఏ తావున కదిలినదో తేల్చుటకు కనీసం మూడు కేంద్రముల లెక్కలు కావలెను. ఈ సంగతి తరగతిలో ఎన్నిమార్లు చెప్పితినో! ఆ గోడ ప్రక్కనే నిలబడి నేను మేనల్లునితో అన్నమాట ఇది: "ఆ దీపం వైరు పీకివేసిన పోదా? రేపు గుట్టకు పోయి వచ్చిన తరువాత చూచుకొందము."

వాడు బదులాడలేదు. హ్యాండ్‌బ్రేకు లేపి దింపినాడు, మార్పు లేదు. తన చిన్న స్కానరు తగిలించినాడు. అది ఇంజను రోగములనే చదువగలది గనుక దోషం లేదని చూపినది. నెమ్మదిగా వెనుకకు మరలి నాచారం పారిశ్రామికవాడలో ఉస్తాదు షెడ్డు చేరితిమి. వైరు పీకు ఆలోచనను నేను ఆయనకు కూడ వినిపించితిని.

"బత్తి పీకితె బ్రేకు మంచిగైతదా సార్? పోరడు పరీక్ష తప్పితె మీరు మార్కుల కాగితం చింపుతరా?" అన్నాడాయన. పిమ్మట ఒక్క ప్రశ్న వేసినాడు: "నిన్నటిదాంక మంచిగుండె. ఇయ్యాల ఏమేం ముట్టుకున్నరు?"

ఆయన స్కానరు పెద్దది. ముందు ఎడమచక్రం సెన్సార్ నుండి వార్త రావడం లేదని చెప్పినది. అంతమాత్రమే. చెడినది సెన్సారా, వైరా, కనెక్టరా అన్నది అది చెప్పదు; క్రొత్త సెన్సార్ కొని తగిలించి డబ్బు పోగొట్టుకొనువారు ఇక్కడనే పొరపడుదురు. ఉస్తాదు చక్రం విప్పించినాడు. సెన్సార్ వైరు షాకబ్జరు వెంబడి క్లిప్పుతో అంటి ఉండవలసినది, వ్రేలాడుచున్నది. ఆ లాగుడుకు కనెక్టరు సగము ఊడి ఉన్నది. నొక్కగానే టక్కుమన్నది. వైరు తెగలేదని మీటరు పెట్టి చూచినాడు. బండి కదిలించగా రెండు దీపములును ఆరిపోయినవి.

నేను జేబులో చెయ్యి పెట్టితిని. ఉస్తాదు వద్దని సైగచేసి, బండిని షెడ్డు ముందర రెండు చుట్లు త్రిప్పినాడు. రెండవ చుట్టులో, గట్టి మలుపు దగ్గర, ఎఱ్ఱదీపం రెప్పపాటు మెఱసి ఆరినది. పసుపుది వెలుగలేదు.

బానెట్ ఎత్తి చూడగా బ్రేక్ ఆయిల్ కనిష్ఠరేఖ నంటియున్నది. మలుపులో ద్రవం ఒక ప్రక్కకు ఒరిగినపుడు లోపలి బిరడా దిగి దీపం వెలిగినదన్నమాట. మావాడు పరుగున ఆయిల్ సీసా తెచ్చినాడు. ఉస్తాదు వాని మణికట్టు పట్టుకొన్నాడు. "పోస్తె బత్తి ఆరుతది. పోయిన ఆయిల్ ఏడికి పోయింది?"

ఇరువదియేడేండ్లుగా పాస్కల్ సూత్రం బోధించుచున్న నాకు ఆ ప్రశ్న తోచలేదు. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకు సమముగా ప్రసరించునని నల్లబల్లమీద వ్రాయుదుము; పాదం నొక్కిన ఒత్తిడి నాలుగు చక్రములకు చేరుట ఆ సూత్రముచేతనే. "మూసిన" అన్న మాటమీద మాత్రం మనము నిలువము. బ్రేక్ ఆయిల్ పెట్రోలువలె ఖర్చగునది కాదు. బ్రేకు ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, ఆ ఖాళీలోనికి ద్రవం దిగి, పైన మట్టం మెల్లమెల్లగా తగ్గును. అది కానిచో ఎక్కడనో కారుచున్నది. మూడవ దారి లేదు.

మా బండి ప్యాడ్లు సగము అరిగి ఉన్నవి. కొంత లెక్క తేలినది, అంతయు తేలలేదు. ఉస్తాదు స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పించి, ఎడమచక్రం వెనుక టార్చి పట్టినాడు. బ్రేకు గొట్టం, ఆ నల్లని రబ్బరు హోస్, నిలువవలసిన చోట లేదు. షాకబ్జరుకు దానిని పట్టియుంచు బిళ్ళ ఊరకే వ్రేలాడుచున్నది. మలుపు మలుపునకు టైరు తగిలి గొట్టం పై రబ్బరు గీచుకొని పోయినది. లోహపు కొసను బిగించినచోట తడి. ఆయన వేలితో తుడిచి వాసన చూచినాడు.

"దీని బోల్టు ఏది?"

మావాడు ప్యాంటు జేబులోనుండి తీసి అరచేతిలో చూపినాడు. సాయంత్రమంతయు అది వాని జేబులోనే ఉన్నది.

"మిగిలింది మామా. ఎక్స్‌ట్రా ఇచ్చిన్రేమో అనుకున్న" అని, తల వంచుకొని, "చెప్తె నువ్వు ఒర్రుతవని చెప్పలె" అన్నాడు.

నేను ఒఱ్ఱలేదు. ఉత్తరం తెలియని విద్యార్థి మౌనం నాకు క్రొత్తది కాదు; ఆ మౌనమునకు ఉపాధ్యాయుని కంఠం ఎంతవరకు కారణమో ఆ షెడ్డులో నిలబడి లెక్కవేసుకొంటిని. ఉస్తాదు పట్టించుకొననే లేదు. "మిగిలిన బోల్టు జేబుల ఏసుకోవద్దు, బానెట్ మీద పెట్టు. అందరికి కనిపిస్తది" అని మాత్రం అన్నాడు.

గట్టిగా బ్రేకు తొక్కినపుడు ఆ గొట్టంలో ఒత్తిడి వాతావరణ పీడనమునకు నూరురెట్ల వరకు పోగలదు. నేటి కార్లలో బ్రేకు గొట్టములు రెండు వరుసలు. ఒకటి పగిలినను రెండవది కొంత కాపాడును. కాని పెడల్ లోతునకు దిగిపోవును, బండి ఆగుటకు పట్టు దూరం మిక్కిలి పెరుగును. గుట్ట దిగు దారిలో, వెనుక సీటులో అమ్మ.

ఆదివారం సాయంత్రం గొట్టం దొరకలేదు. బండి షెడ్డులోనే వదలి నడచి ఇంటికి వచ్చితిమి. సోమవారం క్రొత్త గొట్టం, క్రొత్త రాగి వాషర్లు వచ్చినవి. ఆయిల్ కూడ మూత తీయని సీసాదే వాడినాడు. ఆ ద్రవం గాలిలోని తేమను త్రాగును. డాట్ 3 రకం క్రొత్తదైనపుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదు. తేమ పట్టినపిదప ఆ హద్దు 140కి దిగును, అటుపైన లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తబడును. ఇక గాలి తీయుట. మావాడు లోపల కూర్చుండి పెడల్ తొక్కుచుండ, ఉస్తాదు చక్రం చెంత నిపిలును వదులుచేసి బిగించుచు, "కొట్టు, పట్టుకో, ఇడువు" అని గంటసేపు పలికించినాడు. సన్నని గొట్టంలో బుడగలు ఒక్కొక్కటిగా తగ్గి, తుదకు నూనెధార తెగకుండ వచ్చినది. వ్రేలాడిన బిళ్ళను ఆ మిగిలిన బోల్టుతోనే మావాడు స్వయముగ బిగించినాడు.

తాళంచెవి త్రిప్పగా రెండు దీపములును వెలిగి, మూడు క్షణములలో ఆరిపోయినవి. ఇట్లు వెలుగుట కూడ చూడవలసినదే. అసలే వెలుగనిచో బల్బు పోయినదని అర్థం, అది వెలిగి ఆరనిదానికన్న చెడ్డది.

మంగళవారం తెల్లవారుజామున బయలుదేరితిమి. బండి నడిపినది మావాడే. గుట్ట దిగు దారి ముగియగానే ప్రక్కకు ఆపి, టార్చి తీసికొని ఎడమచక్రం చెంత వంగినాడు. ఎందుకు ఆపితివని అమ్మ అడిగినది. "ఒక్క నిమిషం అమ్మమ్మా" అని, వాడు అటుపైన కుడిచక్రం వైపు పోయినాడు.