ముందు నిలబడేవారు చివరి వరుసను చూడాలి



కొన్ని వారాల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ సహోదరి ఒకరు నా కోసం ఆగారు. వయసు ముప్పై ఎనిమిది, ఇద్దరు పిల్లలు. స్కూల్లో టీచరు ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. "పాస్టర్ గారూ, నల్లకుంటలో మా వీధి ఆడవాళ్లకు డాన్స్ ఫిట్‌నెస్ క్లాసు పెడదామనుకుంటున్నాను. శిక్షణకు కట్టడానికి చీటీ డబ్బు దాచాను. విశ్వాసురాలివై ఉండి డాన్స్ నేర్పడమేమిటని మా అత్తగారు అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

తెలియని పని గురించి అవునని గానీ కాదని గానీ చెప్పకూడదనిపించింది. ఒక వారం గడువు అడిగి, ఆ పని చేసేవారితోనూ, వైద్యులతోనూ మాట్లాడాను. నేను తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను. ఇలాంటి ప్రశ్న మీ సంఘంలోనూ రావచ్చు.

ముందుగా, అవసరం ఉందా? తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవారిని చూస్తే ఉందనే అంటారు. మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనంతో పాటు వ్యాయామాన్ని చేర్చింది. ఒంటరిగా నడవమంటే నాలుగు రోజుల్లో మానేసే మనిషి, పాట వినిపించి పదిమంది తోడుంటే మానరు. ఈ క్లాసుల బలం అదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1969లో అమెరికాలో జూడీ షెపర్డ్ మిస్సెట్ అనే నాట్య ఉపాధ్యాయిని తన క్లాసుకు వచ్చే గృహిణులు కొద్దిరోజులకే మానేస్తున్నారని గమనించారు. వాళ్లకు నర్తకులు కావాలని లేదు, ఆరోగ్యంగా ఉండాలని ఉంది. అందుకని వాళ్లను అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, "నేనే మీ అద్దం" అన్నట్టుగా ఎదురుగా నిలబడి నేర్పారు. జాజర్‌సైజ్ అలా మొదలైంది. తర్వాత 1990లలో కొలంబియాలోని కాలీ నగరంలో బెటో పెరెజ్ అనే శిక్షకుడు క్లాసుకు తేవలసిన క్యాసెట్ మరచిపోయి, తన దగ్గరున్న లాటిన్ పాటలతోనే క్లాసు నడిపాడు. జుంబాకు బీజం అదే. 2001లో అమెరికాలో అది సంస్థ అయింది.

ఇక శిక్షణ సంగతి. జుంబా ప్రాథమిక శిక్షణ ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. మెరెంగే, సాల్సా, కుంబియా, రెగెటాన్ అనే నాలుగు లయల అడుగులు అందులో నేర్పుతారు. దాంతో వచ్చే లైసెన్సుకు గడువు ఉంటుంది. కొనసాగించుకోవడానికి మళ్లీ రుసుము కట్టాలి. జుంబా అన్నది రిజిస్టరైన పేరు. లైసెన్సు లేకుండా ఆ పేరు బోర్డు మీద రాసుకోవడం ఒకరి సొత్తు వాడుకోవడమే. డాన్స్ ఫిట్‌నెస్ అని రాసుకుంటే ఆ చిక్కు లేదు. ఏ పద్ధతికీ కట్టుబడకుండా గ్రూపు వ్యాయామం నేర్పే సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. వాటిలో శరీర నిర్మాణం, గాయాల నివారణ మరింత వివరంగా చెబుతారు. డబ్బు కట్టే ముందు ఈ రెండింటికీ తేడా అడిగి తెలుసుకోవాలి.

అయితే సర్టిఫికెట్ వచ్చినంత త్వరగా పని రాదు. పాట ఎనిమిది లెక్కల చొప్పున నడుస్తుంది. అడుగు మారబోతోందని నాలుగు లెక్కల ముందే సైగ చేయాలి, లేదంటే వెనకవాళ్లు తడబడతారు. ఎదురుగా నిలబడినప్పుడు వాళ్ల కుడి కాలు కదలాలంటే మన ఎడమ కాలు కదపాలి. మొదటి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి, చివరి పది నిమిషాలు మెల్లగా చల్లబరచాలి. శ్రమ మోతాదు తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. మాట కూడా రాకపోతే తగ్గించాలి.

అన్నిటికంటే ముఖ్యం, క్లాసులో చేరేవారిని ముందే అడగడం. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి, గర్భం, ఇన్సులిన్ వాడకం వీటిలో ఏదున్నా డాక్టరు సలహా తీసుకున్నాకే చేర్చుకోవాలి. షుగరు మందు వేసుకుని ఖాళీ కడుపుతో వచ్చిన మనిషికి కళ్లు తిరగవచ్చు. అందుకని పంచదారో గ్లూకోజో దగ్గరుండాలి. గచ్చు మీద చెప్పులు లేకుండా గెంతిస్తే మోకాళ్లు పాడవుతాయి. ఎవరైనా కుప్పకూలి స్పృహ, ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతున నొక్కడం మొదలుపెట్టాలి. ఈ సీపీఆర్ నేర్చుకోనివారు క్లాసు పెట్టకూడదని నా అభిప్రాయం.

చట్టం మాట కూడా చెప్పాలి. ఇంట్లో పాట వినడం వేరు, ఫీజు తీసుకునే క్లాసులో వినిపించడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం దానికి హక్కుదారుల అనుమతి కావాలి. మన ఆరాధన గీతాల్లో కొత్తవాటికీ హక్కుదారులు ఉంటారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. కాబట్టి మేడ మీద అయిదున్నర క్లాసుకు స్పీకరు పనికిరాదు. ఆసుపత్రులకు వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం. నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉందని మరవకూడదు. అక్కడ జ్వరంతో పడుకున్నవారూ మన పొరుగువారే.

ఇక అత్తగారి ప్రశ్న. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మిర్యాము తంబుర పట్టింది, దావీదు మందసం ముందు నాట్యమాడాడు అని చెప్పి నోరు మూయించడం నాకిష్టం లేదు. వాళ్లది ఆరాధన, ఇది వ్యాయామం. దీనికి తగిన వాక్యం పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, నాలుగో అధ్యాయంలో ఉంది. శరీర సాధన వల్ల ప్రయోజనం కొంచెమేనని అక్కడ అంటాడు. మనం ఆ "కొంచెం"ను చూపించి సున్నా అని చదివాం. ఫలితంగా మన సంఘాల్లో నలభై దాటిన స్త్రీలు ఎంతమంది మెట్లెక్కడానికి ఆయాసపడుతున్నారో చూడండి. అత్తగారి భయం పాటల గురించీ వేషధారణ గురించీ అయితే, పాట ఎంచుకునేదీ నియమం పెట్టేదీ శిక్షకురాలే. అది ఆ సహోదరి చేతిలోనే ఉంది.

నన్ను ఆలోచింపజేసిన ప్రశ్న వేరు. ముందు నిలబడినవారికి పదిమంది చూపు తమ మీదే ఉంటుంది. అది మత్తు. వేదిక మీద ముప్పై ఏళ్లు నిలబడిన నాకు దాని రుచి తెలుసు. మంచి శిక్షకురాలు తన అడుగు ఎంత అందంగా పడిందో చూసుకోదు. చివరి వరుసలో ముఖం పాలిపోయిన మనిషిని చూస్తుంది, పాట మధ్యలోనైనా ఆగుతుంది.

వారం తర్వాత ఆ సహోదరికి ఇదే చెప్పాను. చీటీ డబ్బు ఇప్పుడే కట్టవద్దని, ముందు మూడు నెలలు ఏదైనా క్లాసులో చివరి వరుసలో నిలబడమని, ఈలోగా సీపీఆర్ నేర్చుకోమని అన్నాను. ఆమె తార్నాకలో ఒక క్లాసుకు వెళ్తున్నారు. అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు. కానీ మోకాలి నొప్పికి కుర్చీలో కూర్చుని చేసే కదలికలు ఉంటాయా అని కోడలిని అడిగారట.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన హాళ్లు వారంలో చాలా రోజులు తాళం వేసి ఉంటాయి. బతుకుతెరువు కోసం నిజాయితీగా ఒక పని నేర్చుకుంటున్న సహోదరి గంటసేపు చోటు అడిగితే, వద్దనే ముందు ఆమె పని ఏమిటో ఒక వారం తెలుసుకోండి. మా పెద్దల ముందు ఈ మాట వచ్చే సమావేశంలో పెట్టబోతున్నాను. అందరూ ఒప్పుకుంటారని అనుకోవడం లేదు. ప్రార్థించండి.