హనుమకొండ మధ్యాహ్నానికి పన్నెండు నిమిషాల ఆలస్యం

మే నెల రెండో వారంలో ఒక రోజు హనుమకొండలో నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. ఆ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటంతో జులై నెలాఖరులోనూ మరో రోజు ఇదే జరుగుతుంది. నీడ మాయమయ్యే ఆ క్షణంలో గడియారం మాత్రం 12 గంటలు చూపదు. మేలో సుమారు 12 గంటల 8 నిమిషాలు, జులైలో సుమారు 12 గంటల 18 నిమిషాలు అవుతుంది. గడియారం చెడిపోలేదు. దేశమంతటికీ కలిపి ఎంచుకున్న ఒక రేఖాంశాన్ని అది అనుసరిస్తోంది. ఆ రేఖాంశం హనుమకొండకు తూర్పున దాదాపు మూడు డిగ్రీల దూరంలో ఉంది.

డిగ్రీకి నాలుగు నిమిషాలు

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందుగా నడినెత్తికి వస్తాడు, పడమటి ఊరికి ఆలస్యంగా వస్తాడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా సాగే ఈ రేఖ మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, తుని పరిసరాల్లో సముద్రం వైపు సాగిపోతుంది. హనుమకొండ రేఖాంశం సుమారు 79.56 డిగ్రీలు. తేడా 2.94 డిగ్రీలు. దాన్ని నాలుగుతో గుణిస్తే 11 నిమిషాల 46 సెకన్లు వస్తాయి. హనుమకొండ స్థానిక కాలం చేతి గడియారం కంటే అంత వెనకబడి ఉంటుంది.

హైదరాబాద్ ఇంకా పడమట ఉంది కాబట్టి అక్కడ ఈ వెనకబాటు 16 నిమిషాలు. శ్రీకాకుళం జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం 82.5 డిగ్రీల రేఖను దాటి తూర్పున ఉంది. అందువల్ల అక్కడి స్థానిక కాలం గడియారం కంటే దాదాపు 9 నిమిషాలు ముందుంటుంది. హైదరాబాద్‌కూ ఇచ్ఛాపురానికీ మధ్య సూర్యుడి లెక్కలో 25 నిమిషాల తేడా ఉన్నా, రెండు చోట్లా గోడ గడియారాలు ఒకే సమయం చూపుతాయి.

రేఖాంశం వల్ల వచ్చే ఈ తేడా ఏడాది పొడవునా మారదు. దీనికి తోడు మరో తేడా రోజురోజుకూ మారుతూ ఉంటుంది. భూకక్ష్య దీర్ఘవృత్తంగా ఉండటం, భూమి అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు ఒకసారి నడినెత్తికి వచ్చి మళ్లీ వచ్చేదాకా పట్టే కాలం అన్ని రోజుల్లోనూ సరిగ్గా 24 గంటలు ఉండదు. ఆ కొన్ని సెకన్లు పోగుపడి నవంబరు మొదట్లో సూర్యుడు సగటు లెక్క కంటే 16 నిమిషాలు ముందుకు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక్కి జరుగుతాడు. దీన్ని కాల సమీకరణం అంటారు. రెండు తేడాలనూ కలిపితే, హనుమకొండలో నిజమైన మధ్యాహ్నం నవంబరు మొదట్లో 11 గంటల 55 నిమిషాలకే అవుతుంది, ఫిబ్రవరి మధ్యలో 12 గంటల 26 నిమిషాల దాకా ఆగుతుంది.

దీన్ని సరిచూసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలకు సరిగ్గా నడుమనున్న సమయమే స్థానిక మధ్యాహ్నం. జూన్ 21 ప్రాంతంలో హనుమకొండలో సూర్యుడు సుమారు 5.37కు ఉదయించి, సాయంత్రం 6.50కి అస్తమిస్తాడు. రెంటికీ నడిమి సమయం 12.13కు దగ్గరగా వస్తుంది.

ఘడియలు లెక్కించిన కాలం

ఒక్క ఊరి సూర్యుడే ఆ ఊరి గడియారమైన రోజుల్లో ఇలాంటి చిక్కులు లేవు. పగలూ రాత్రీ కలిపి 60 ఘడియలు, ఒక్కో ఘడియ 24 నిమిషాలు. రెండు ఘడియలు ఒక ముహూర్తం, ఏడున్నర ఘడియలు ఒక జాము. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునిగేసరికి ఒక ఘడియ అయ్యేది. గడియకుడుక అనే ఆ గిన్నె లెక్క సూర్యోదయంతో మొదలయ్యేది. ఏ ఊరి సూర్యోదయం ఆ ఊరిదే.

ఊరూరికీ కాలం మారుతుందన్న సంగతి జ్యోతిషులకు బాగా తెలుసు. సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాలు ఉజ్జయిని మీదుగా సాగే రేఖను మూలరేఖగా తీసుకుని లెక్కలు కట్టాయి. మిగిలిన ఊళ్లకు ఆ రేఖ నుంచి ఎంత తూర్పో ఎంత పడమరో చూసి సవరించేవారు. దీని పేరు దేశాంతర సంస్కారం. హనుమకొండ ఉజ్జయినికి 3.8 డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి ఇక్కడి సవరణ పదిహేను నిమిషాలు, అంటే అర ఘడియ కంటే కాస్త ఎక్కువ. పంచాంగాలు నేటికీ ఒక ఊరిని ఆధారం చేసుకునే గణిస్తారు. లగ్నం చూసేటప్పుడు ఊరి సూర్యోదయాన్ని బట్టి సవరించుకోవడం ఆ పాత లెక్కకు కొనసాగింపే.

రైలు తెచ్చిన చిక్కు

ఎడ్లబండి మీద వెళ్లేవాడికి ఊరికీ ఊరికీ మధ్య నాలుగు నిమిషాల తేడా పట్టేది కాదు. రైలుకు అలా కుదరదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు ఏ స్టేషన్‌లో ఎప్పుడు తప్పుకోవాలో ముందే రాసి పెట్టాలంటే లైను పొడవునా ఒకే గడియారం నడవాలి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ మీదుగా సాగిన నిజాం రాజ్యపు రైలుమార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ ఒక్క మార్గం రెండు చివరల మధ్యే సూర్యుడి లెక్కలో ఎనిమిది నిమిషాల తేడా ఉంది.

అప్పటికి దేశంలో ప్రధానంగా మూడు కాలాలు నడిచేవి. గ్రీనిచ్ కంటే బొంబాయి కాలం 4 గంటల 51 నిమిషాలు, మద్రాసు కాలం 5 గంటల 21 నిమిషాలు, కలకత్తా కాలం 5 గంటల 53 నిమిషాలు ముందుండేవి. మద్రాసు కాలానికి ఆధారం ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన మద్రాసు వేధశాల. అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో ఆ ఊరి రేఖాంశాన్ని లెక్కగట్టాడు. వేధశాలలో పరికరాన్ని నిలిపిన రాతి స్తంభం మీది శాసనం లాటిన్, తమిళ, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ ఉంది. బొంబాయికీ కలకత్తాకూ ఇంచుమించు మధ్యలో ఉండటంతో రైల్వేలు మద్రాసు కాలాన్నే ఎంచుకున్నాయి. మద్రాసు కాలానికీ హనుమకొండ సొంత కాలానికీ తేడా మూడు నిమిషాలే.

అయిదున్నర ఎలా వచ్చింది

1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్ రేఖను సున్నా డిగ్రీలుగా ఆమోదించింది. ప్రపంచాన్ని 15 డిగ్రీల చొప్పున ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు ఒక్కో గంట వస్తుంది. ఆ పద్ధతిలో భారతదేశానికి 75 డిగ్రీల రేఖ గానీ, 90 డిగ్రీల రేఖ గానీ దక్కాలి. ఒకటి పడమటికి, మరొకటి తూర్పుకు ఒరిగిపోతాయి. రెంటికీ సరిగ్గా మధ్యనుంది 82.5. దేశం 68 నుంచి 97 డిగ్రీల దాకా వ్యాపించి ఉంది కాబట్టి దేశానికీ దాదాపు మధ్య అదే. దాన్ని నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు.

ఈ అరగంట వల్ల ఒక చమత్కారం కూడా సమకూరింది. ముళ్లున్న గడియారాన్ని తలకిందులుగా పట్టుకుంటే అది ఇంచుమించుగా గ్రీనిచ్ సమయం చూపుతుంది. నిమిషాల ముల్లు సరిగ్గా సరిపోతుంది, గంటల ముల్లు మాత్రం అరగంట తేడాలో ఉంటుంది.

భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. బొంబాయిలో గడియారాన్ని ఒక్కసారిగా 39 నిమిషాలు ముందుకు తిప్పాల్సి రావడంతో మిల్లు కార్మికులు నిరసన తెలిపారు. అక్కడ పాత కాలం దాదాపు 1955 దాకా, కలకత్తాలో 1948 దాకా కొనసాగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, గడియారాలను గంట ముందుకు జరిపి గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందుంచారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఒకే దేశం, ఒకే గడియారం అన్నది విధానంగా నిలిచింది.

రెండు గంటల వెడల్పు

గుజరాత్ పడమటి అంచుకూ అరుణాచల్‌ప్రదేశ్ తూర్పు అంచుకూ నడుమ 29 డిగ్రీల దూరం ఉంది. సూర్యుడికి అది రెండు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. సగటున ద్వారకలో మధ్యాహ్నం 12.54కు అయితే, అరుణాచల్‌లోని డోంగ్ గ్రామంలో 11.02కే అవుతుంది. జూన్‌లో డోంగ్ ప్రాంతంలో ఉదయం 4 గంటల వేళకు తెల్లవారుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దుగుంకుతుంది. పది గంటలకు కార్యాలయం తెరిచేసరికి పగటి వెలుతురులో సగం దాకా గడిచిపోయి ఉంటుంది. పని ముగియకముందే దీపాలు వెలిగించాలి.

అస్సాం తేయాకు తోటలు ఈ సమస్యకు బ్రిటిష్ వారి కాలంలోనే తమ దారి చూసుకున్నాయి. తోటల్లో గడియారం దేశం కంటే గంట ముందు నడుస్తుంది. దాన్ని 'బాగాన్ కాలం' అంటారు, అంటే తోట కాలం. 1951 నాటి తోట కార్మికుల చట్టం స్థానికంగా పనివేళలు నిర్ణయించుకునే వీలు కల్పించింది. 2014లో అప్పటి అస్సాం ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ రాష్ట్రమంతటికీ ప్రత్యేక కాలం కావాలని కోరినా అది అమలు కాలేదు.

ఇతర దేశాల దారులు

పెద్ద దేశాలు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నాయి. అమెరికా రైల్వే కంపెనీలు 1883 నవంబరు 18న తమంతట తామే కాలమండలాలను అమల్లోకి తెచ్చాయి. నేడు అక్కడి ప్రధాన భూభాగంలో నాలుగున్నాయి. రష్యాలో పదకొండు, ఇండోనేషియాలో మూడు. చైనా మన కంటే వెడల్పైనా 1949 నుంచి ఒకే కాలాన్ని పాటిస్తోంది. పడమట కష్గర్ పట్టణంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో మధ్యాహ్నం మూడవుతుంది. అందుకే అక్కడ చాలామంది బీజింగ్ కంటే రెండు గంటలు వెనకున్న స్థానిక కాలాన్ని అనధికారికంగా వాడుకుంటారు. నేపాల్ గ్రీనిచ్‌కు 5 గంటల 45 నిమిషాల ముందుంటుంది. శ్రీలంక 1996లో గడియారాన్ని ముందుకు జరిపి, 2006లో తిరిగి అయిదున్నరకే వచ్చింది.

కాలమండలాల తేడా పండుగ తేదీనీ మార్చగలదు. అమావాస్య ముగిసి పాడ్యమి మొదలయ్యే క్షణం భూమి మొత్తానికీ ఒక్కటే. ఆ క్షణం హనుమకొండలో ఉదయం పది గంటలకు వచ్చిందనుకుంటే, అప్పటికే సూర్యోదయం అయిపోయింది కాబట్టి ఇక్కడ ఉగాది మర్నాడు. అదే క్షణానికి న్యూజెర్సీలో అదే తేదీ అర్ధరాత్రి దాటి అరగంటే అయి ఉంటుంది. ఇంకా తెల్లవారాల్సి ఉంది కాబట్టి అక్కడి తెలుగువారికి ఆ తేదీనే ఉగాది. క్యాలెండరు ప్రకారం వారి పచ్చడి ఒక రోజు ముందు.

రెండు ప్రతిపాదనలు

భారతదేశం ముందు ప్రధానంగా రెండు సూచనలున్నాయి. మొదటిది దేశాన్ని రెండు మండలాలుగా విడదీయడం. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018లో 'కరెంట్ సైన్స్' పత్రికలో దీన్ని వివరించారు. ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్ నికోబార్‌కూ ఆరున్నర గంటల కాలం, మిగిలిన దేశానికి అయిదున్నర. రెంటికీ నడుమ హద్దు అస్సాం, పశ్చిమ బెంగాల్ కలిసే సన్నని చోట వస్తుంది. అక్కడ రైలు మార్గాలు తక్కువ కాబట్టి న్యూ కూచ్‌బెహార్, అలీపూర్‌దువార్ వంటి ఒకటి రెండు స్టేషన్లలో జాగ్రత్తపడితే సరిపోతుందని వారి వాదన. హద్దు దాటేటప్పుడు గడియారం మార్చడం మరిచిపోతే ప్రమాదమన్నది ఎదురు వాదన.

రెండోది దేశాన్ని విడదీయకుండా గడియారాన్నే అరగంట ముందుకు జరిపి ఆరు గంటలు చేయడం. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు దీన్ని సూచించారు. సాయంత్రం వెలుతురు పెరిగి కరెంటు ఆదా అవుతుందన్నది వారి లెక్క. అయితే ఈ మార్పు భారం పడమటి ఊళ్ల మీద పడుతుంది. జనవరిలో ఇప్పుడు 6.46 ప్రాంతంలో తెల్లవారే హనుమకొండలో అప్పుడు 7.16 అవుతుంది. ద్వారకలో ఎనిమిది దాటుతుంది.

ఈ రెండింటిలో ఏదీ ఇప్పటిదాకా అమలు కాలేదు. ప్రామాణిక కాలాన్ని కాపాడే బాధ్యత జాతీయ భౌతిక ప్రయోగశాలదే. అక్కడి గడియారాలు సీజియం పరమాణువును ఆధారం చేసుకుని నడుస్తాయి. దాని నుంచి వెలువడే ఒక వికిరణం 919,26,31,770 సార్లు కంపించేందుకు పట్టే కాలమే ఒక సెకను. 1967 నుంచి ప్రపంచమంతటా సెకనుకు ఇదే నిర్వచనం. వ్యాపార, పరిపాలన వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక కాలాన్నే తప్పనిసరి చేసే నియమాల ముసాయిదాను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 జనవరిలో ప్రజాభిప్రాయానికి పెట్టింది. సెకను కొలతకు సూర్యుడి అవసరం తీరిపోయినా, ఆ సెకన్లను ఏ రేఖాంశం నుంచి లెక్కపెట్టాలన్న నిర్ణయం మాత్రం మనుషులదే. ప్రస్తుతానికి అది 82.5 డిగ్రీల దగ్గరే ఉంది.