కొల్లేటి గట్టుమీద గతిశాస్త్రము

కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు పదునారవ నంబరు జాతీయరహదారి తాడేపల్లిగూడెము దాటి, భీమడోలు మీదుగా ఏలూరు చేరునప్పుడు, ఎడమవైపున కొల్లేటి పల్లమును కుడివైపున ద్వారకా తిరుమల మెట్టను విడదీయుచు సాగును. భీమడోలువద్ద కుడికి తిరిగినవాడు చిన తిరుపతియనబడు ఆ ద్వారకా తిరుమల కొండయెక్కును. ఏలూరునుండి కైకలూరు దారి పట్టినవాడు చేపలచెరువుల నడుమ గట్టుమీద పోవును. నడుమ గోడకట్టిన నాలుగువరుసల రహదారి, మలుపుల ఘాట్‌రోడ్డు, ఇరుప్రక్కల నీరున్న ఇరుకుదారి, వడ్లు ఆరబోసిన పల్లెవీధి, ఈ నాలుగును ఒక్కపూట ప్రయాణములో తగులు సీమ ఇది. ఎల్ బోర్డు కట్టుకొని మైదానములో బండి నేర్చినవానికి ఇంతకు మించిన పాఠశాల లేదు, ఇంతకు మించిన పరీక్షయు లేదు.

నిబంధనలు వల్లించి లెర్నర్స్ లైసెన్సు పరీక్షలో నెగ్గుట కష్టము కాదు. ఎడమవైపున పోవలెను, కుడివైపునుండి దాటవలెను, ముందుబండికి ఎడము విడువవలెను అని ఎవరైనను చెప్పగలరు. కాని ఆ ఎడమెంత, ఎందుకంత, వాన కురిసినపుడు ఎంత అని అడిగినచో, ఏండ్లతరబడి నడిపినవారును తడబడుదురు. రోడ్డు నిబంధనలలో ముఖ్యమైనవి పోలీసులు కల్పించినవి కావు. కదలు వస్తువునకు ప్రకృతి విధించిన కట్టుబాట్లనే శాసనము తన భాషలో తిరిగి చెప్పినది. ఆ మూలము తెలిసినవానికి నిబంధనను గుర్తుపెట్టుకొను శ్రమ ఉండదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమని మీటరులోని ముల్లు చూపుచుండగా, అది మోటారుసైకిలుకు నెమ్మదియేనని కుఱ్ఱవాండ్రు తలతురు. ఆ వేగమున బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. గట్టు దిగువనుండి గేదె యొకటి తల యెత్తి రోడ్డుమీదికి వచ్చినదనుకొందము: కన్ను దానిని చూచి, మనస్సు అది ఆపదయని గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోవుటకు మామూలు మనిషికి సెకనో, సెకనున్నరయో పట్టును. సెకనున్నర లోపల బండి 25 మీటర్లు ముందుకు పోయియుండును. అంతవరకు బ్రేకు తాకనైనను లేదు. అప్పుడు గట్టిగా బ్రేకు వేసినచో, పొడిరోడ్డుమీద మంచి టైర్లున్న కారు మరియొక 20 మీటర్లలో ఆగును. మొత్తము 45 మీటర్లు. గేదె 40 మీటర్ల దూరమున ఉన్నచో దానిని కొట్టుట తప్పదు.

ఇందు మనము మోసపోవు చోటొకటి కలదు. ఆలోచనకు పట్టు దూరము వేగముతో సమముగా పెరుగును. బ్రేకు వేసిన తరువాత పోవు దూరము మాత్రము వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైనచో ఆపవలసిన గతిశక్తి నాలుగురెట్లగుటయే ఇందుకు కారణము. 40 కిలోమీటర్ల వేగమున 9 మీటర్లలో నిలుపు బ్రేకులే, 80 వేగమున 36 మీటర్లు తీసికొనును. నాలుగువరుసల జాతీయరహదారిపై కారుకు 100, మోటారుసైకిలుకు 80 కిలోమీటర్లు మించరాదని కేంద్రప్రభుత్వము 2018లో నిర్ణయించినది. నూరు వేగమున పోవు కారు, చూచినది మొదలు ఆగువరకు, దాదాపు నూరు మీటర్లు పోవును. అది గరిష్ఠమే గాని, అంత వేగమున పోయితీరవలెనను ఆజ్ఞ కాదు.

ఈ లెక్కలన్నియు పొడిరోడ్డువి. బండి నిలుచుట బ్రేకులవలన కాదు. బ్రేకు చక్రమును మాత్రమే పట్టుకొనును, బండిని పట్టుకొనునది టైరుకు రోడ్డుకు నడుమ నుండు ఘర్షణ. పొడి తారుమీద అది బరువులో పదింట ఏడువంతులుండును. తడిసినపుడు పదింట నాలుగు వంతులకు దిగును. అనగా 60 వేగమున బ్రేకుదూరము 20నుండి 35 మీటర్లకు పెరుగును. తొలకరి చినుకు మరింత ప్రమాదకరము. నెలలతరబడి రోడ్డుమీద పేరుకొన్న నూనె, దుమ్ము, టైర్లరజను ఆ కొద్ది నీటితో కలిసి జారుడు పూతయగును; గట్టివాన కడిగిన తరువాత రోడ్డు కొంత నయము.

కొల్లేటి ప్రాంతమున వాన లేకయే రోడ్డు తడియుచున్నది. కైకలూరు, మండవల్లి, ఆకివీడు చెరువులలో పట్టిన బొచ్చె, శీలావతి చేపలను ఐసుముక్కల నడుమ పేర్చి లారీలలో హౌరాకు పంపుదురు. ఐసు కరగిన నీరు చేపజిగురుతో కూడి లారీ వెనుకనుండి ధారకట్టుచు పోవును. ఎండలో నీరు ఆవిరియగును, జిగురు నిలుచును. ముఖ్యముగా మలుపులవద్ద, లారీ వంగినపుడు తొట్టి తొణికినచోట, నల్లగా మెరయు చార కనబడును. ద్విచక్రవాహనముపై పోవువాడు ఆ చారను చూడగానే వేగము తగ్గించుకొని, దానిమీద పోవునపుడు బ్రేకు ముట్టక, హ్యాండిలు త్రిప్పక, బండిని నిటారుగా నడిపించుకొనవలెను. రోడ్డుమీద ఆరబోసిన వడ్లకును ఇదే సూత్రము: గింజలు టైరు క్రింద దొర్లును గనుక పట్టుండదు. వడ్లరాశి చుట్టు కాపుగా పెట్టిన రాళ్లు, వడ్లు ఎత్తిన తరువాతకూడ రాత్రి రోడ్డుమీదనే ఉండిపోవుట ఈ డెల్టాలో నిత్యము చూచునదే. రాళ్లు తీయుట ఆ రైతు బాధ్యతయని గట్టిగా చెప్పక తప్పదు.

ముందుబండికి ఎంత ఎడము విడువవలెనను ప్రశ్నకు మీటర్లలో కంటె కాలములో జవాబు చెప్పుట మేలు. ముందు పోవు లారీ ఒక స్తంభమునో, చెట్టునో దాటగానే, కొండకు నడచిపోవు భక్తులవలె ‘ఏడుకొండలవాడా, వెంకటరమణా’ అని తొందరలేక పలుకుడు. దానికి రెండు సెకనులు పట్టును. ఆ మాట ముగియకముందే మీ బండి ఆ చెట్టును చేరినచో మీరు మిక్కిలి దగ్గరగా ఉన్నారన్నమాట. వేగము పెరిగినకొలది అదే రెండు సెకనులలో దూరముకూడ తనంతట తానే పెరుగును గనుక ఈ కొలత అన్ని వేగములకు సరిపోవును. తడిరోడ్డుమీద రెండుమార్లు పలుకవలెను.

గట్టుదారిమీద దాటుట మరియొక లెక్క. 50 వేగమున పోవు లారీని 70 వేగమున కారు దాటుచున్నదనుకొందము. లారీ పొడవు, కారు పొడవు, ముందువెనుకల విడువవలసిన ఎడము కలిసి 55 మీటర్లకు తగ్గవు. రెండింటి వేగములలో తేడా 20 మాత్రమే గనుక ఆ 55 మీటర్లు ముగియుటకు పది సెకనులు పట్టును. ఆ పది సెకనులలో కారు దాదాపు 195 మీటర్లు పోవును, ఎదురుగా 70 వేగమున వచ్చు బండియు అంతే దూరము వచ్చును. కావున ఎదుట 400 మీటర్ల మేర రోడ్డు ఖాళీగా కనబడనిదే దాటరాదు. మలుపునందు, వంతెనమీద, ఎత్తెక్కు చోట దాటరాదను నిబంధనకు మూలమిదియే: ఆయాచోట్ల నాలుగువందల మీటర్లు కంటికి ఆనవు.

గట్టుమీద కొత్తవారికి తెలిసితీరవలసినది వేరొకటి కలదు. అచటి నేల నల్లని బంకమన్ను. తడిసి ఉబ్బును, ఎండి నెఱ్ఱెలు విచ్చును. అందుచే తారు అంచు విరిగి, మార్జిను జానెడు క్రిందికి దిగియుండును. ఎదురుబండికి సైడిచ్చునపుడు ఎడమచక్రములు ఆ మార్జినులోనికి దిగినచో కొత్తవాడు బెదరి స్టీరింగును కుడికి లాగును. చక్రము కాసేపు తారు అంచునకు ఒరసికొని ఎక్కదు, మరింత లాగగా ఒక్కమారుగా ఎక్కి, త్రిప్పియున్న చక్రములతో బండి రోడ్డునకు అడ్డముపడి ఎదుటివానిమీదికో, ఆవలి చెరువులోనికో పోవును. చేయవలసినది ఇది: స్టీరింగును తిన్నగా బిగించి పట్టుకొని, ఆక్సిలరేటరు విడిచి, మార్జినులోనే కొంతదూరము పోనిచ్చి, వేగము బాగుగా తగ్గిన తరువాత అంచు పల్చగానున్నచోట మెల్లగా ఎక్కవలెను.

ఒకవేళ కారు చెరువులోనో, కాలువలోనో పడినదా, తలుపుతో పెనుగులాడవలదు. తలుపునకు వెలుపల అర మీటరు ఎత్తు నీరు ఒరిగినంతనే సుమారు 125 కిలోల ఒత్తిడి దానిపై పడును. నీరు పెరిగినకొలది ఆ ఒత్తిడి ఎత్తుయొక్క వర్గముతో హెచ్చును. బెల్టు విప్పుకొని, కారు ఇంకను తేలుచున్న ఆ మొదటి నిమిషములోనే ప్రక్క కిటికీ అద్దము దించి, పిల్లలను ముందు వెలుపలికి పంపి, తాము రావలెను. అద్దము దిగనిచో ప్రక్క అద్దము మూలను గట్టి వస్తువుతో కొట్టవలెను. ముందటి పెద్ద అద్దము పొరలుగా అతికినది, పగిలినను విడిపోదు.

ఇక కొండ. చిన తిరుపతి ఘాట్‌రోడ్డు పెద్ద పర్వతమార్గము కాదు, కాని కొత్తవానికి చాలినంత పాఠము చెప్పును. ఇరుకైనచోట దిగువాడు నిలిచి ఎక్కువానికి దారి ఈయవలెనని నియమము. ఎక్కుచు ఆగిన బండిని తిరిగి కదిలించుట కష్టము, వెనుకకు జారు భయమును కలదు. దిగునపుడు ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగుట పెద్దల వాడుక. ఇంజను తానే బండిని వెనుకకు పట్టును. న్యూట్రల్‌లో దిగి బ్రేకును నొక్కిపట్టినవానికి బండియొక్క శక్తియంతయు బ్రేకులలో వేడియై, అవి కాగి, పట్టు తప్పును. మలుపులో ఘర్షణకు రెండు పనులు పడును, బండిని త్రిప్పుట, నిలుపుట. ముప్పది మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో 40 వేగమున పోవుటకు సెకను వర్గమునకు 4.1 మీటర్ల త్వరణము కావలెను. తడిరోడ్డు ఈయగలది 3.9 మాత్రమే. 20 వేగమునకు ఒకటి చాలును. అందువలన బ్రేకు మలుపునకు ముందే వేయవలెను, మలుపులో కాదు.

మార్గశిరమున, పుష్యమున తెల్లవారుజామున కొల్లేటిమీద మంచు కమ్మును. రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు వదలి చల్లారగా, దానినంటిన తడిగాలి మీటరులో లక్షవవంతు వ్యాసముగల బిందువులుగా పేరుకొనును. హెడ్‌లైటు పెంచినచో ఆ బిందువులు వెలుగును తిరిగి మన కన్నులలోనికే చిమ్మును; డిమ్ములోనే పోవలెను. ఆ బిందువులు కాంతితరంగములకంటె చాల పెద్దవి గనుక అన్ని రంగులను ఒకే తీరున చెదరగొట్టును. పసుపు లైటు మంచును చీల్చునను నమ్మకమునకు ఆధారము తక్కువ. రాత్రివేళ డిమ్ములైటు స్పష్టముగా చూపునది సుమారు 40, 50 మీటర్లు. 80 వేగమున ఆగుటకు 70 మీటర్లు కావలెనని లెక్క చూపుచున్నది. మ్రొక్కుబడితో రాత్రి నడచిపోవు భక్తుడో, వెనుకలైటు లేని పామాయిలు గెలల ట్రాక్టరో ఆ వెలుగులోనికి వచ్చుసరికి ఆపుటకు చోటుండదు. ట్రక్కు వెనుక రేడియం స్టిక్కరు అతికించుట కొద్ది ఖర్చుతో పోవు పని. నడచువారు రోడ్డుకు కుడిప్రక్కన, ఎదురుబండ్లను చూచుచు నడచుట మేలు.

ద్వారకా తిరుమలలో ముహూర్తములున్న రాత్రులయందు ఈ రోడ్లన్నియు పెండ్లివారి బండ్లతో నిండును. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును నేచర్ పత్రికలో ప్రకటించిరి: పదునేడు గంటలు నిదురలేక యున్నవాని చేతినేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని నేర్పుతో సమానముగా పడిపోవునట. మన చట్టము అనుమతించునది 30 మిల్లీగ్రాములే. తెల్లవారి అయిదింటికి లేచి పెండ్లిపనులు చూచినవాడు రాత్రి పదింటికే ఆ స్థితికి వచ్చును. ఆపైన తలంబ్రాలైన తరువాత స్టీరింగు పట్టుచున్నాడు. చుక్క ముట్టనివాడుకూడ త్రాగినవానివలె నడుపుననుట ఇందువలననే. కొండమీద సత్రములో తెల్లవారువరకు నిదురించి బయలుదేరుట అవమానము కాదు.

హెల్మెట్టును గూర్చి ఒక్కమాట. దానిలో ప్రాణము కాపాడునది పైచిప్పకంటె లోపలి థర్మోకోలు; ఐసు కరగకుండ చేపలకు కట్టు పెట్టెలలోని పదార్థమే అది. తల కొట్టుకొన్నపుడు ఆ థర్మోకోలు నలుగుచు, తల ఆగు కాలమును కొన్ని వేలవంతుల సెకను పొడిగించును. కాలము పెరిగిన నిష్పత్తిలో బలము తగ్గును. 60 వేగమున గోడను గుద్దుట 14 మీటర్ల కొబ్బరిచెట్టు కొననుండి పడుటతో సమానము. ఒకసారి నలిగిన థర్మోకోలు మరల పొంగదు. దెబ్బతిన్న హెల్మెట్టును మార్చవలెను, గడ్డముక్రింద పట్టీ బిగించని హెల్మెట్టు తలమీద నిలువదు. కారులో ఈ పనియే బెల్టు చేయును. 1959లో వోల్వో సంస్థకు చెందిన నీల్స్ బోలిన్ రూపొందించిన మూడుచోట్ల పట్టు బెల్టును, ఇతరులుకూడ వాడుకొనునట్లు ఆ సంస్థ విడిచిపెట్టినది.

పదునెనిమిది నిండినవారు లెర్నర్స్ లైసెన్సు పొందిన ముప్పది దినములకు పరీక్షకు పోవచ్చును. అది ఆరునెలలు చెల్లును. ఈ కాలమును వృథాచేయక, ఖాళీరోడ్డుమీద, పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 40 వేగమున బ్రేకు వేసి ఎన్ని అడుగులకు ఆగినదో దిగి కొలువవలెను. తడిరోడ్డుమీద మరల కొలువవలెను. ఆ తేడా ఒకసారి కన్నులార చూచినవాడు మరచిపోడు. అయితే చెరువుమీదికి మేత చేర్చుటకును, పాలకేంద్రమునకు పోవుటకును పదునాలుగు, పదునైదేండ్ల పిల్లలకు మోటారుసైకిలు అప్పగించుట మన పల్లెలలో అలవాటైపోయినది. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టము ఇట్టి అపరాధమునకు తండ్రిని, బండి యజమానిని శిక్షించుచున్నది: మూడేండ్లవరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా, ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. శిక్షకు వెరచి కాకున్నను, బిడ్డమీద ప్రేమతోనైనను, పదునెనిమిది నిండువరకు తాళముచెవి వానికందకుండ దాచుడు.