అన్నము తిన్న వెంటనే చాయ్ ఏల త్రాగరాదు?

నాంపల్లి స్టేషనునుండి అబిడ్సు వఱకు గల ఇరానీ హోటళ్లలో, మధ్యాహ్నభోజనము ముగియుటయే తడవుగా, ఉస్మానియా బిస్కెట్టు ముంచుకొని చాయ్ త్రాగువారు నిత్యము కానవత్తురు. ఆ తేనీటికి వగరు నొసగు టానినులు, పప్పు, తోటకూర, రాగులయందలి ఇనుములో కొంతభాగమును ప్రేగులలోనే బంధించి, రక్తమున చేరనీయక వెలుపలికి పంపివేయును. తల్లి శ్రమపడి వండిన కూరలోని సారమిట్లు వ్యర్థమగుట శోచనీయము. ఇనుము కొఱవడినచో, రక్తమున ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను తగ్గును. అది తగ్గినచో ప్రాణవాయువు కండరములకు చాలినంత అందక, ఆటలో ఆయాసము, చదువులో అలసట కలుగును.

బాలలారా, 1935లో నిర్మింపబడి చిరకాలము పండ్లకు వాసికెక్కిన మొజంజాహీ మార్కెట్టు పరిసరముల దొరకు జామపండు దీనికి కొంత విరుగుడు: అందలి సి విటమిను ఇనుమును ప్రేగులు సులభముగా గ్రహింపదగు రూపమునకు మార్చును. కూరపై పిండిన నిమ్మచెక్కయు ఆ పనియే చేయును. చాయ్ మానవలసిన పనిలేదు. భోజనమునకును దానికిని గంటసేపు ఎడమున్న చాలును.